మాస్టారితో మాట: ‘మీరు ఎవరి తాలూకండీ?’

ఈ నెల వచ్చినవాటిలో ఉత్తరాలు తక్కువ, వాట్సాప్ మెసేజీలు ఎక్కువ. పరిశోధన చేసుకునే పిల్లలు రాశారు, ఒక తల్లి రాశారు, నాలాంటి మాస్టార్లు రాశారు. తిప్పి తిప్పి అందరూ అడిగింది రెండు సంగతులే. కలిసి పనిచేసే బృందానికి పేరేం పెట్టుకోవాలి? చేసిన పనిని ఫోన్లో నలుగురికీ ఎంతవరకు చూపించవచ్చు? ముప్పై ఏళ్లకు పైగా గోదావరి సముద్రంలో కలిసే మొగల దగ్గర మడ అడవుల్లో నీళ్లూ బురదా పీతలూ చూస్తూ, మిగతా రోజుల్లో పాఠాలు చెబుతూ గడిపాను. ఆ అనుభవంలోంచే జవాబులు చెబుతున్నాను.

ప్రశ్న: మాస్టారూ, నాది పీహెచ్‌డీ రెండో ఏడు. మా గైడ్ గారు కొత్తగా ల్యాబ్ మొదలుపెట్టి, పేరు మమ్మల్నే చూడమన్నారు. గైడ్ గారి ఇంటిపేరుతో పెడదాం, విదేశాల్లో అలాగే పెడతారు అని మా సీనియర్ అన్నయ్య అంటున్నాడు. ఇంకొకరు పది ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలు కలిపి ఒక పొట్టి పేరు తయారుచేశారు. నాకు రెండూ నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో మాత్రం చెప్పలేకపోతున్నాను.
— పరిశోధక విద్యార్థిని, అమలాపురం

అమ్మాయీ, నీకు దొరకని మాట నాకు ఒక పడవ నడిపే సరంగు దగ్గర దొరికింది.

నేను నీ వయసులో ఉన్నప్పుడు, కోరంగి వైపు పాయల్లో నీటి శాంపిళ్లు తీయడానికి మొదటిసారి పడవ మాట్లాడుకున్నాను. ఆ సరంగు తాడు విప్పకుండా నిలబడి, “మీరు ఎవరి తాలూకండీ?” అన్నాడు. మన వైపు ఈ ప్రశ్న ఎదురుకానివాళ్లు ఉండరు. పెళ్లిలో భోజనాల దగ్గర అడుగుతారు, బస్సులో పక్క సీటు ఆవిడ అడుగుతుంది. ఏ ఊరు, ఎవరింటి మనిషి, రేపు మాట తేడా వస్తే ఎవరిని అడగాలి, అన్నీ అందులోనే ఉన్నాయి. నేను మా గైడ్ గారి పేరు చెప్పాను. “ఆయనెవరో నాకు తెలీదండి. మీరేం చేత్తారో చెప్పండి” అన్నాడు. పాయలో ఉప్పు ఎంతుందో, పోటు మీద ఎంత పెరుగుతుందో కొలుస్తామని చెప్పాను. “అలాగైతే ఎక్కండి. ఈ యేడు ఉప్పు ముందే ఎక్కేసిందండి” అని తాడు విప్పాడు. గైడ్ గారి పేరుకు విప్పని తాడు పని పేరు చెప్పగానే విప్పాడు. ఆ రోజు నాకు దాని విలువ తెలియలేదు.

అప్పట్లో మా గ్రూపుకు వేరే పేరు లేదు. ఫలానా వారి గ్రూపు అనేవారు, అంతే. ఏడేళ్లపాటు ప్రతి అమావాస్యకీ ప్రతి పున్నమికీ, నీళ్లు ఎక్కే పోటు మీద ఒకసారి, నీళ్లు తీసే పాటు మీద ఒకసారి లెక్కలు రాశాం. ముప్పై దాకా నోటుపుస్తకాలు అయ్యాయి. గైడ్ గారు రిటైరయ్యారు. కొన్నాళ్లకు ఆ గది వేరేవాళ్లకు ఇచ్చారు. వాళ్లు బీరువా తెరిచారు. అట్టల మీద ఒక ఇంటిపేరు, ఒక తేదీ తప్ప ఇంకేమీ లేవు. ఎవరి తాలూకో తెలియక పాత పేపర్ల కింద తూకానికి వేసేశారు. నేను ఊళ్లో లేను. తెలిసి పరిగెత్తుకెళ్లేసరికి నాలుగు పుస్తకాలు మిగిలాయి. అందులో ఒకటి 1996 అక్టోబరు పున్నమితో ఆగిపోతుంది. నవంబరు 6న తుఫాను వచ్చింది. కోనసీమలో కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి, వెయ్యి మందికి పైగా పోయారు. తుఫాను తర్వాత వచ్చిన అమావాస్యకు మేం ఎలాగో మళ్లీ పాయలోకి వెళ్లాం. ఆ రోజు రాసిన పుస్తకం దొరకలేదు. అంత ఉప్పెన వచ్చి వెళ్లాక పాయలో నీళ్లు మళ్లీ ఎన్నాళ్లకు తేరుకున్నాయో చెప్పగలిగే లెక్కలు అవి. ఇప్పటికీ ఆ పుస్తకం గుర్తొస్తే నాకు మనసు మనసులో ఉండదు. అట్ట మీద పాయ పేరు, చేసిన పని పేరు ఉండి ఉంటే, పారేసే ముందు ఎవరో ఒకరు ఒక్క నిమిషం ఆగేవారు.

అందుకే చెబుతున్నాను. మనిషి పేరు పెట్టడం తప్పని కాదు. ఆ మనిషి కుర్చీలో ఉన్నన్నాళ్లే నిలిచే పేరు పెట్టవద్దంటాను. కేంబ్రిడ్జిలో కావెండిష్ లాబొరేటరీ 1874 నుంచి ఉంది. అది అక్కడి ప్రొఫెసర్ పేరు కాదు, కట్టడానికి డబ్బిచ్చిన కుటుంబం పేరు. ప్రొఫెసర్లుగా మాక్స్‌వెల్ వచ్చారు, థామ్సన్ వచ్చారు, రూథర్‌ఫర్డ్ వచ్చారు. ఎవరు వచ్చినా ఎవరు వెళ్లినా పేరు కదల్లేదు. మన గోదావరి పాయలు చూడు: గౌతమి, వశిష్ఠ, ఆత్రేయ, భరద్వాజ, కౌశిక. అన్నీ ఋషుల పేర్లే. ఆ పేర్లకు బదిలీ లేదు, రిటైర్మెంటు లేదు. విదేశాల్లో ఫలానా వారి ల్యాబ్ అంటే, ఆ ప్రొఫెసర్ ఉన్నన్నాళ్లు నడిచి ఆయనతో ముగిసిపోతుందని అందరికీ తెలుసు, ఆ ఏర్పాటే అలాంటిది. మన పని నది మీద. ఒక మనిషి ఉద్యోగ కాలంలో తేలేది కాదు.

ఇంత దూరం వెళ్లనక్కర్లేదు, పక్కనే మార్టేరు ఉంది. అక్కడి వరి పరిశోధన కేంద్రం 1925లో మొదలైంది. అక్కడ పుట్టిన ప్రతి వంగడం నంబరు ముందూ ఎంటీయూ అని ఉంటుంది. అంటే మార్టేరు. 1982లో విడుదలైన ఎంటీయూ 7029 మనందరికీ స్వర్ణ. మన జిల్లాలు దాటి, తూర్పు రాష్ట్రాలన్నీ దాటి బంగ్లాదేశ్ పొలాల దాకా వెళ్లింది. ముంపును తట్టుకునే గుణం కలిపి స్వర్ణ సబ్-1 చేసినప్పుడు కూడా పాత పేరును అలాగే ఉంచి పక్కన ఒక ముక్క చేర్చారు. ఎంటీయూ 1010కి పెట్టిన పేరు కాటన్ దొర సన్నాలు. కాటన్ దొర కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, ఆ దొర పేరు బియ్యం గింజ మీదికి ఎక్కింది. నంబరు శాస్త్రవేత్తకు పనికొస్తుంది, పేరు రైతు నోటికి పనికొస్తుంది, ఎంటీయూ అనే మూడు అక్షరాలు ఇది ఎవరి తాలూకో చెబుతాయి. బృందానికి పేరు పెట్టేటప్పుడు నాకు ఇంతకంటే మంచి నమూనా కనిపించలేదు.

మీ పొట్టి పేరు సంగతి. దాన్ని పడవ దగ్గరికి తీసుకెళ్లి సరంగుకు చెప్పి చూడండి. ఒక్కసారి విని తిరిగి అనగలిగితే మంచి పేరు. పది మాటలు విప్పి చెబితే తప్ప అర్థం కాకపోతే మీకే భారం. వాడే మెషీను పేరు, పద్ధతి పేరు పెట్టవద్దు. మెషీను పదేళ్లకు మూలన పడుతుంది. మరీ ఒక్క పీత పేరో ఒక్క చెట్టు పేరో పెడితే తర్వాత వచ్చే విద్యార్థి వేరే పని ఎంచుకోవడానికి ఇబ్బంది పడతాడు. అదే పేరుతో ఇంకో బృందం ఉందేమో ముందే వెతుక్కోండి. మేమైతే మేం పనిచేసే పాయ పేరే పెట్టుకున్నాం.

సీనియర్ అన్నయ్యతో గొడవ పడకు. గైడ్ గారి మీద అభిమానంతోనే ఆ మాట అన్నాడు. ఆయన పేరు ప్రతి పేపర్లోనూ ఉంటుందని చెప్పు. ఇంకొకటి కూడా చెప్పు. పేరు ఏదైనా సరే, దాని కింద మనుషుల పేర్లు రాయాలి. ఎవరు ఏం చేశారో రాయాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరుతో 1925 నాటి ఫిస్క్-సుబ్బారావు పద్ధతి ఉంది, భాస్వరాన్ని కొలిచేది. బయోకెమిస్ట్రీ చదివినవాళ్లకు తెలుసు. ఆ తర్వాత అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఆయన నడిపిన బృందం నుంచి వచ్చినవాటిలో ఒకటి బోదకాలు మందు. మన డెల్టాలో ఇంటింటికీ తిరిగి మింగించిన డీఈసీ మాత్ర అదే. ఆ మాత్ర మింగిన మన ఇళ్లలో ఎంతమందికి ఇది భీమవరం మనిషి పనే అని తెలుసు? ఆయన పోయాక 1953లో ఒక శిలీంధ్రానికి సుబ్బరోమైసెస్ అని పేరు పెట్టారు. అది మంచి పనే. కానీ చేసిన మనిషి పేరు చేసినప్పుడే, చేసిన చోటే రాసిపెట్టాలి. మీ బోర్డు మీద నీ పేరు, నీ తర్వాత వచ్చేవాళ్ల పేర్లు, గాజు సామాను కడిగే అటెండరు పేరు ఉండేలా చూడు.

ప్రశ్న: భీమవరం దగ్గర రొయ్యల చెరువుల మీద ప్రాజెక్టు చేస్తున్నాను. ఒక రైతు గారి చెరువుకు తెల్లమచ్చ జబ్బు వచ్చింది. చచ్చిన రొయ్యల ఫొటో తీసి మా గ్రూపు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాను. ఫొటోలో గట్టు, షెడ్డు కనిపిస్తున్నాయి. సాయంత్రానికల్లా ఆయన మంచి చెరువుల సరుక్కి కూడా వ్యాపారులు రేటు తగ్గించేశారట. ‘నిన్ను ఇంట్లో కుర్రాడిలా చూశానయ్యా’ అని ఫోన్లో అన్నారు. పోస్టు తీసేశాను. కానీ అది నలుగురికీ పనికొచ్చే సమాచారమే కదా అని కూడా అనిపిస్తోంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
— ఎమ్మెస్సీ విద్యార్థి, భీమవరం

రేపు పొద్దున్నే వెళ్లు. ఫోన్ చేయకు, మెసేజ్ పెట్టకు, మనిషివి వెళ్లు. వెళ్లి తప్పయిపోయిందండి అని చెప్పు. నలుగురికీ పనికొస్తుందని పెట్టాననే మాట ఆయన ముందు ఎత్తకు. ఆయన పోగొట్టుకున్నది డబ్బు. గట్టు మీదికి రానిచ్చి, మధ్యాహ్నం అన్నం పెట్టి, మేత లెక్కల పుస్తకం నీ చేతిలో పెట్టారు కదా. ఆ నమ్మకం కూడా పోయింది.

నీ రెండో ఆలోచనలో నిజం లేదని అనను. తెల్లమచ్చ వైరస్ చిన్నది కాదు. పట్టిందంటే మూడు నుంచి పది రోజుల్లో చెరువు మొత్తం ఖాళీ అయిపోవచ్చు. ఒక చెరువు నీళ్లు డ్రెయిన్‌లోకి వదిలితే అదే డ్రెయిన్ నుంచి నీళ్లు తోడుకునే కింది రైతు మునుగుతాడు. కాబట్టి ఆ కబురు వెంటనే తెలియాల్సినవాళ్లు ఉన్నారు. వాళ్లెవరు? ఆ డ్రెయిన్ మీద ఉన్న రైతులు, మత్స్యశాఖ వాళ్లు. వాళ్ల దగ్గరికి రైతు గారితో కలిసి వెళ్లి చెప్పాలి. నీళ్లు బయటికి వదలకుండా బ్లీచింగ్ వేయమని చెప్పాలి. ఎక్కడో ఢిల్లీలో, బెంగళూరులో నీ పోస్టుకు లైక్ కొట్టినవాళ్లకు ఆ కబురుతో పని లేదు. ఆ పోస్టుతో పనిపడింది వ్యాపారికి మాత్రమే. పైగా తెల్లమచ్చ మనుషులకు ఏమీ చేయదు. ఆ ముక్క నీ పోస్టులో రాశావా? రాయకపోతే, చూసినవాళ్లు రొయ్యలు తినడానికే భయపడి ఉంటారు.

ఇకముందు ఏ గట్టు మీద ఫొటో తీసినా, గట్టు దిగే ముందే ఆ రైతుకు ఫోన్ చూపించు. ఇది మా పాఠాలకేనండి, బయట పెట్టాలంటే మిమ్మల్ని అడిగే పెడతానని చెప్పు. రొయ్యల పట్టుబడి అయిపోయి, డబ్బు చేతికొచ్చాక అడిగితే చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. నా పేరుతోనే పెట్టు, నాకొచ్చిన నష్టం ఇంకొకడికి రాకూడదు అన్న రైతులను నేను చూశాను.

వెళ్లొచ్చాక నాకు రాయి.

ప్రశ్న: మా పేపరు ఒక జర్నల్లో వచ్చింది. పీడీఎఫ్‌ను మా పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో పెడితే, కాపీరైట్ ఉంటుంది జాగ్రత్త అని ఒకరు బెదిరించారు. మన పేపరు మనం పంచుకోకూడదా?
— డిగ్రీ కాలేజీ లెక్చరర్, కాకినాడ

మీరు చెప్పిన పనిలో మూడు రకాల కాగితాలు ఉన్నాయి, వాటిని విడదీసి చూడాలి. జర్నల్‌కు పంపకముందు మీరు రాసుకున్న ప్రతి మీదే. దాన్ని ప్రీప్రింట్‌గా ఆన్‌లైన్‌లో బయట పెట్టడం భౌతికశాస్త్రంలో 1991లో ఆర్కైవ్ (arXiv) అనే భాండాగారంతో మొదలైంది, జీవశాస్త్రంలో 2013 నుంచి బయోఆర్కైవ్ ఉంది. సమీక్షలు అయ్యాక జర్నల్ ఒప్పుకున్న ప్రతిని కొన్ని నెలలు ఆగి మీ కాలేజీ భాండాగారంలో పెట్టుకోవచ్చని చాలామంది ప్రచురణకర్తలు అంటారు. ఎన్ని నెలలన్నది ఒక్కో జర్నల్‌కు ఒక్కోలా ఉంటుంది, వాళ్ల నియమాలు చదవండి. వాళ్లు అచ్చువేసిన పీడీఎఫ్ మాత్రం, అందరూ ఉచితంగా చదువుకునే ఓపెన్ యాక్సెస్ కాకపోతే, వాళ్లది. మీరు సంతకం పెట్టిన ఫారంలో ఆ ముక్క ఉంటుంది. లింకు మాత్రం ఎక్కడైనా పెట్టుకోండి, ఎవరూ ఏమీ అనరు. 2025 జనవరి 1 నుంచి ఒకే దేశం ఒకే చందా పథకం కింద ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు వేల జర్నళ్లు తెరిచారు కాబట్టి, మీ పూర్వ విద్యార్థుల్లో ఎవరైనా అలాంటి చోట చదువుతూ ఉంటే వాళ్లకు లింకే చాలు.

పెట్టే ముందు కలిసి రాసినవాళ్లందరినీ అడగండి. ఆ పనిలో పేటెంటు వచ్చే సంగతి ఏదైనా ఉంటే దరఖాస్తు వేశాకే నోరు విప్పండి. ఒకసారి బయట పెట్టిన దాన్ని కొత్తది అనిపించుకోవడం చాలా కష్టం.

లింకు కింద తెలుగులో నాలుగు వాక్యాలు రాయండి. మన ఊరి నీళ్ల మీద చేసిన పని ఇంగ్లిష్‌లో మాత్రమే ఉండిపోవడం నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది.

ప్రశ్న: మాస్టారండీ, మా అమ్మాయి అరటి తెగుళ్ల మీద పరిశోధన చేస్తోంది. ఈ మధ్య అరటి తోటలో నిలబడి మన యాసలో మాట్లాడుతూ ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ పెడుతోంది. వేల మంది చూస్తున్నారట. చుట్టాలు మాత్రం పెళ్లికావాల్సిన పిల్ల ఇదేం పని అంటున్నారు. ఇది చదువులో భాగమేనా? మాన్పించమంటారా?
— ఒక తల్లి, రావులపాలెం

మాన్పించకండమ్మా. నేను ఆ రీల్స్ చూడలేదు, కానీ మీరు రాసిన దాన్నిబట్టి ఎంత మంచి పనో అర్థమవుతోంది. రావులపాలెం మార్కెట్‌కు గెలలు తెచ్చే రైతుకు ఇంగ్లిష్ పేపరు అందదు. మీ అమ్మాయి మాట అందుతుంది. అదీ ‘ఆయ్, ఆకు మీద ఈ చారలు చూశారాండి’ అని మన మాటలో చెబితే ఇంకా బాగా అందుతుంది. థీసిస్‌కు దీనివల్ల మార్కులు రావు, నిజమే. థీసిస్ పని పక్కనపెట్టి చేస్తుంటే మందలించండి.

చుట్టాల మాటకు జవాబు చుట్టాలకే చూపించండి. ఆ వీడియోలు సౌండు పెట్టి మీ ఇంట్లోనే ఒక సాయంత్రం మూడు వేయండి. చాలామంది వినకుండానే అంటారు.

నాకు దిగులు వేరే చోట ఉంది. మందులు చెప్పేటప్పుడు ఆ పిల్ల చాలా జాగ్రత్తగా ఉండాలి. అమృతపాణి తోటలకు వచ్చే పనామా తెగులు నేలలో ఉండే శిలీంధ్రం వల్ల వస్తుంది. పైన ఏ మందు కొట్టినా వచ్చిన చెట్టు బాగుపడదు. సిగటోకా ఆకుమచ్చ వేరు, దానికి మందులున్నాయి. ముప్పై సెకన్ల వీడియోలో ఈ రెండూ కలిసిపోతే, ఎవరో కౌలు రైతు అప్పుచేసి పనికిరాని మందు కొంటాడు. ఆ వీడియో తర్వాత తీసేసినా వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటుంది. అందుకని తెగులును గుర్తుపట్టడం వరకు తను చెప్పి, మందు పేరూ మోతాదూ దగ్గరికి వచ్చేసరికి వ్యవసాయ అధికారినో ఉద్యాన అధికారినో అడగమని చెప్పాలి. తప్పు దొర్లితే అదే చోట ఇంకో వీడియో పెట్టి, నేను పొరపాటు చెప్పాను అని ఒప్పుకోవాలి. అలా ఒప్పుకున్నవాళ్లనే రైతులు తర్వాత ఎక్కువగా నమ్ముతారు.

ఇంకా, తోటలో ఉన్నప్పుడే పెట్టకుండా ఇంటికి వచ్చాక పెట్టమనండి. ఒంటరిగా వెళ్లవద్దనండి, వాళ్ల నాన్న గారిని ఫోన్ పట్టుకోమనండి. చెడ్డ కామెంట్లు పెట్టేవాళ్లను బ్లాక్ చేయడంలో మొహమాటపడొద్దని చెప్పండి. ఆ కామెంట్లు మీరు రాత్రిపూట కూర్చుని చదవకండమ్మా.

ప్రశ్న: మా స్కూలు పిల్లలను కోరంగి మడ అడవికి తీసుకెళ్లాం. నీటికుక్కలు, వాటి పిల్లలు కనిపించాయి! ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెట్టాను. ఎక్కడ, ఏ పాయలో అని చాలామంది అడుగుతున్నారు. చెప్పనా?
— హైస్కూలు టీచరు, తాళ్ళరేవు

చెప్పకండి. ఇది నేను చేసిన తప్పు, అందుకే గట్టిగా చెబుతున్నాను.

పదేళ్లు దాటింది. ఒక తెల్లవారుజామున, పాటు బాగా తీసినప్పుడు, ఒక చిన్న పాయ ఒడ్డున తిల్ల చెట్టు వేళ్ల కింద నీటికుక్క బొరియ కనిపించింది. బురద మీద మూడు పిల్లలు ఒకదాని మీద ఒకటి దొర్లుతున్నాయి. అన్నేళ్లలో అంత దగ్గరగా నేను ఎప్పుడూ చూడలేదు. సంతోషం పట్టలేక పాయ పేరుతో సహా ఫేస్‌బుక్‌లో పెట్టాను. తర్వాతి ఆదివారం రెండు పడవల నిండా మనుషులు వెళ్లారు. స్పీకర్లు పెట్టారు. ఆ పై వారం నేను వెళ్లేసరికి బొరియ ఖాళీగా ఉంది, బురద నిండా చెప్పుల గుర్తులున్నాయి. తల్లి పిల్లలను నోటకరుచుకుని ఎటో వెళ్లిపోయి ఉంటుందని సరంగు గారు నాకు ధైర్యం చెప్పారు. నేను ఆ ఒడ్డునే చాలాసేపు కూర్చున్నాను. ఆ పోస్టుకు అంతకుముందు ఎప్పుడూ రానన్ని లైకులు వచ్చాయి.

కోరంగి 1978 నుంచి అభయారణ్యం. 235 చదరపు కిలోమీటర్లు. బావురు పిల్లులూ అక్కడే ఉన్నాయి. అంత చోటులో ‘కోరంగి’ అని మాత్రం రాస్తే ఎవరికీ హాని లేదు, పాయ పేరు రాస్తేనే దారి చూపినట్టు. పక్షులను చూసేవాళ్లు వాడే ఈబర్డ్‌లో కూడా వేటగాళ్ల భయం ఉన్న కొన్ని జాతులు ఎక్కడ కనిపించాయో సరిగ్గా చూపించరు.

మీ ఫోన్ కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపేయండి, లేకపోతే ఫొటో లోపలే ఆ చోటు అంకెల్లో రాసి ఉంటుంది. వాట్సాప్‌లో ఫొటోను ఫొటోగా పంపితే ఆ అంకెలు పోతాయి, డాక్యుమెంట్‌గా పంపితే అలాగే వెళ్తాయి. ఈ తేడా చాలామందికి తెలియదు. మీ పిల్లలకు ఇది ఒక పీరియడ్ పాఠంగా చెప్పండి. వాళ్లు కూడా ఫొటోలు తీసి ఉంటారు కదా.

ప్రశ్న: మా ల్యాబ్ పేరుతో ఉన్న ఫేస్‌బుక్ పేజీని ఒక విద్యార్థి తన నంబరుతో తెరిచాడు. చదువైపోయి వెళ్లిపోయాడు, నంబరు మారిపోయింది. ఐదేళ్ల ఫొటోలు, వివరాలు అందులోనే ఉన్నాయి. ఇప్పుడు మేం లోపలికి వెళ్లలేకపోతున్నాం.
— అసిస్టెంట్ ప్రొఫెసర్, తణుకు

ముందు ఆ విద్యార్థిని వెతికి పట్టుకోండి, పాత ఈమెయిల్ పనిచేస్తుందేమో చూడమనండి. కోపంగా అడగకండి. ఆ రోజుల్లో ఎవరూ ముందుకు రాకపోతే తన నంబరు ఇచ్చిన కుర్రాడు అతను. దొరికితే ఆ వారమే ఇద్దరు ఉద్యోగులను అడ్మిన్లుగా పెట్టుకుని, మొత్తం డౌన్‌లోడ్ చేసుకోండి.

దొరకకపోయినా మళ్లీ అంతా అక్కడే పెట్టకండి. ఆర్కుట్ 2014లో మూతపడింది, గూగుల్ ప్లస్ 2019లో మూతపడింది, ట్విట్టర్ పేరే 2023లో ఎక్స్ అయింది. ఆ పేజీలు నలుగురికీ కబురు చెప్పడానికి పనికొస్తాయి, దాచుకోవడానికి కాదు. లెక్కలూ ఫొటోలూ జెనోడో లాంటి ఆన్‌లైన్ భాండాగారంలో పెడితే వాటికి ఒక శాశ్వత నంబరు ఇస్తారు. మనుషుల విషయానికి వస్తే, మీ విద్యార్థులందరి చేతా ఆర్సిడ్ అనే పరిశోధకుల గుర్తింపు నంబరు తీయించండి. కాలేజీ మారినా, ఇంటిపేరు మారినా వాళ్ల పని వాళ్ల పేరు మీదే ఉంటుంది. పెళ్లయి ఇంటిపేరు మార్చుకునే ఆడపిల్లలకు ఇది మరీ ముఖ్యం.

కాగితం మాత్రం మానకండి. మా నోటుపుస్తకాల అట్టల మీద ఇప్పుడు పాయ పేరు, చేసే పని, తేదీలు, ఆ రోజు పడవలో ఉన్న అందరి పేర్లూ రాస్తున్నాం. మొదటి వరస సరంగు గారిది. నన్ను తాడు విప్పకుండా నిలబెట్టిన మనిషే, ఇప్పుడు పెద్దవారయ్యారు, గెడ మనవడు పడుతున్నాడు. పోయిన పున్నమికి ఆ కుర్రాడు అట్ట మీద వాళ్ల తాతగారి పేరు చూసుకుని, “దీన్ని స్టేటస్ పెట్టుకోవచ్చాండీ?” అని నన్ను అడిగాడు. కింద పాయ పేరు కనపడకుండా బొటనవేలు అడ్డం పెట్టి ఫొటో తీసుకున్నాడు.